ఇర్వింగ్‌లో జంజీల బుర్రకథ

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. చదువు రాక కాదు. మా నాన్న బుర్రకథ దళంలో హాస్యం చెప్పే వంత చీరాలలో టీ కొట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. బుర్రకథలో కథ చెప్పేవాడు తంబురా పట్టుకుని మధ్యలో నిలబడతాడు. అటొకరు ఇటొకరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన తానా అంటారు. ఆ ఇద్దరిలో ఒకరి పని కథకు అడ్డం పడడం. పిచ్చి ప్రశ్నలు వెయ్యాలి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులకు చురకలు పెట్టాలి, కథకుడు ఏడిపించిన జనాన్ని నవ్వించాలి. మా ఇంట్లో అడ్డం మాట్లాడేది ఎవరని వెతికితే అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి. ఇదే గుణానికి బళ్ళో బెంచీ ఎక్కించేవాళ్ళు, దళంలో వేదిక ఎక్కించారు. ఎత్తు ఎక్కువ, పైగా చప్పట్లు. ఇక బడికెవరు పోతారు?

ఇప్పుడు ఉండేది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. మా ఆయన వంట మాస్టరుగా వచ్చి, వెనకాలే నన్ను తెచ్చుకున్నాడు. తర్వాత గరిటె మీద విసుగొచ్చి ట్రక్కు పట్టాడు. వారంలో సగం వేరే రాష్ట్రాల్లో ఉంటాడు గనక మా కాపురం చాలా అన్యోన్యంగా సాగుతోంది. నేను ఒక ఇండియన్ గ్రాసరీ స్టోర్ వెనక వంటగదిలో బూరెలూ చెక్కలూ చేస్తాను. మాకు ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టింది. అది హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉండగా జరిగిన సంగతి ఇది.

పిల్లది నా రంగే. చామనచాయ అని చెప్పి బుజ్జగించుకునే నలుపు కాదు, చూడగానే తేలిపోయే నలుపు. మా తెలుగు సంఘం వాళ్ళు ఏ నాటకం వేసినా దానికి వేషం ముందే ఖాయమైపోయి ఉండేది: రాక్షసి. "మీ అమ్మాయి గొంతు గట్టిదండీ, అందుకని" అనేవారు. రాజకుమారికి గొంతు అవసరం లేదు కాబోలు. చిన్నప్పుడు అది కోరలు పెట్టుకుని సంతోషంగానే అరిచేది. కాస్త ఎదిగాక అద్దం ముందు ఎక్కువసేపు నిలబడడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సంఘం కార్యక్రమాలకే రావడం మానేసింది. నేను జోకులు వేసి తీసుకెళ్ళాలని చూశాను. నా జోకులు ఊరందరి మీదా పనిచేస్తాయి, ఆ ఒక్కదాని మీద తప్ప.

అలాంటిది ఆ ఏడు ఉగాది ముందర, స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా అడిగింది.

"అమ్మా, బుర్రకథకి ఎంతమంది కావాలి?"

"ముగ్గురు. ఏం, ఎవర్ని తిట్టాలి?"

"నా దగ్గర ఒక స్టోరీ ఉంది. నేను మధ్యలో నిలబడుతా."

ఆకురాలు కాలానికి అది కాలేజీకి వెళ్ళిపోతుంది. వెళ్ళేలోపు ఒక్కసారి, తనను రాక్షసిని చేసిన ఆ వేదిక మీదే మధ్యలో నిలబడి, తను ఎంచుకున్న కథను జరిగింది జరిగినట్టు చెప్పాలి. అదీ దాని పంతం. నాకు చెక్కల పిండి కలపడం ఆపి కూర్చోక తప్పలేదు.

అది ఒక పుస్తకంలో చదివిన కథ. వెయ్యేళ్ళకు పైమాట. బాగ్దాద్‌లో ఖలీఫాలు ఏలుతున్న కాలం. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి బస్రా దగ్గరి బురదనేలల్లో దించారు. వాళ్ళను జంజీలు అనేవారు. ఆ నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉండేది. ఆ పొరను గీకి, బుట్టలకెత్తి, దూరంగా గుట్టలు పొయ్యాలి. కింద మంచి నేల తేలితే యజమాని పంట వేసుకుంటాడు. గీకినవాడికి గుప్పెడు పిండీ కాసిని ఖర్జూరాలూ.

"ఆ సాల్ట్ సాయిల్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది.

"చౌడు."

"చవుడు" అని పలికి చూసుకుంది. "ఓకే. అప్పుడు ఒక మనిషి వచ్చాడు. ఎక్కడినుంచో ఎవరికీ కరెక్ట్‌గా తెలీదు. పోయెమ్స్ రాసేవాడు, పిల్లలకి చదువు చెప్పేవాడు. చౌడు ఎత్తేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీరు ఎవరి థింగ్ కాదు అన్నాడు. ఓనర్స్ పరిగెత్తి వచ్చారు, డబ్బులిస్తాం మావాళ్ళని మాకు ఇచ్చెయ్యి అన్నారు. అతను ఏం చేశాడో తెలుసా? ఖర్జూరం చెట్టు మట్టలు తెప్పించి ఆ స్లేవ్స్ చేతిలోనే పెట్టాడు. కొట్టండి అన్నాడు."

"మట్టలకి ముళ్ళు చెక్కేశారా, ఉంచేశారా?"

"బుక్‌లో లేదు."

"అసలు సంగతే రాయలేదన్నమాట."

అది నవ్వింది. నా జోకుకు అది నవ్వి చాలాకాలమైంది. ఆ నవ్వు కోసం ఖలీఫా మీదికైనా వెళ్ళేదాన్ని, సంఘం మీదికి వెళ్ళడం ఎంత.

మూడో మనిషి కావాలి. మా స్టోర్‌లోనే మాంసం కౌంటర్ దగ్గర పనిచేసే భాయ్‌ది నరసరావుపేట పక్కన పల్లె. పీర్ల పండక్కి డప్పు కొట్టి చెయ్యి తిరిగినవాడు. నేను వెళ్ళి సంగతి చెబితే కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"అక్కా, కథలో విలన్లు మావాళ్ళేనా?"

"అవును భాయ్."

"హీరోలు?"

"వాళ్ళూ మీవాళ్ళేనంట. రెండు వైపులా నమాజు చేసుకున్నాకే కొట్టుకున్నారంట."

"మరి మీవాళ్ళేం చేస్తున్నారు అప్పుడు?"

"మావాళ్ళకి ఇంకా హెచ్-వన్ రాలేదు. ఇంటి దగ్గరే ఉన్నారు."

నవ్వి, తర్వాత నవ్వు ఆపేశాడు. "కొడతానక్కా. కానీ ఒక్క మాట. నన్నక్కడ నిలబెట్టి నా మతాన్ని తిట్టిస్తే మాత్రం డప్పు అక్కడే పెట్టేసి వచ్చేస్తా."

"తిట్టాల్సినవాణ్ణే తిడదాం" అన్నాను.

మా నాన్న గుమ్మెట ఒకటి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నది నా దగ్గరుంది. తంబురా దొరకలేదు. భాయ్ ఎండిన సొరబుర్రకు వెదురు కర్ర బిగించి, తీగ లాగి, ఒకటి తయారుచేశాడు. దాని నాదం వింటే తంబురా చేసేవాళ్ళు కేసు పెడతారు. మా పిల్ల మాత్రం దాన్ని భుజానికి ఆనించుకుని ఇల్లంతా తిరిగింది.

సంఘం అధ్యక్షుడు కరీంనగర్ మనిషి, లాస్ కొలినాస్‌లో ఏదో పెద్ద ఆఫీసులో మేనేజరు. చెడ్డవాడేం కాదు. నా బూరెలు తినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు, అలాంటివాడు పూర్తిగా చెడ్డవాడు కాలేడు. కార్యక్రమాలు చూసుకునేది ఆయన భార్య. ఇద్దరూ మమ్మల్ని ముగ్గుర్నీ ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, కథ విన్నారు.

"ముస్లిం ఎంపైర్ మీద తిరుగుబాటా? సూపర్ బేటా" అన్నాడాయన. "మనోళ్ళకి మస్తు కనెక్ట్ అయితది. లాస్ట్‌ల గెలిచినట్టు పెట్టి, ఒక నినాదం ఇప్పిద్దాం."

"అంకుల్, తిరుగుబాటు చేసినవాళ్ళు కూడా ముస్లింలే."

"అది ఎందుకు చెప్పుడు? కన్ఫ్యూజన్ అయితది."

"అది ట్రూత్ అంకుల్."

భాయ్ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అందులో పంచదార ఎప్పుడో కరిగిపోయింది, అయినా తిప్పుతూనే ఉన్నాడు.

ఆవిడ ఉత్సాహంగా ముందుకు జరిగింది. "వెనకాల చిన్నపిల్లల్ని నిలబెడదాం, ఆఫ్రికా వాళ్ళలాగా. దసరా నాటకంలో రాక్షసులకి పూసిన నల్లరంగు డబ్బాలు గరాజ్‌లో అట్లనే ఉన్నాయి." మా పిల్ల గడ్డం పట్టుకుని ముద్దుగా అంది: "నీకైతే ఎక్కువ అవసరం లేదులే తల్లీ."

ఆవిడ దాన్ని ప్రేమగానే అంది. అదే కష్టం. కోపంగా అంటే ఎదురు మాట నా నాలుక చివర ఉంటుంది, ప్రేమగా అంటే వెతుక్కోవాలి. నేను వెతుక్కునేలోపు మా పిల్లే ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"పెయింట్ ఎవరికీ వద్దు ఆంటీ. కథలో అందరి గురించీ మేం ముగ్గురమే చెప్పుతాం. నేను ఎలా ఉన్నానో అలానే నిలబడుతా."

స్క్రిప్ట్ పంపమన్నారు. ఇది కూర్చుని తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపింది. తిరిగొచ్చేసరికి ఎర్రగీతలు పడి ఉంది. జంజీలు నమాజు చేసుకున్న మాట కొట్టేశారు. గెలిచిన జంజీలు తాము పట్టుకున్నవాళ్ళను మళ్ళీ బానిసలుగా ఉంచుకున్నారన్న మాట కొట్టేశారు. చివర్లో ఓడిపోయిన సంగతైతే మొత్తానికే ఎత్తేశారు. కత్తులు, మంటలు ఉంచారు, ఆఖర్న నినాదం చేర్చారు. కింద ఆయన మెసేజ్: ఇట్లయితే స్లాట్ కన్ఫర్మ్, లేకపోతే ఆ టైమ్‌ల పిల్లల ఫ్యూజన్ డాన్స్ పెట్టుకుంటం.

మా పిల్ల ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇది కూడా రాక్షసి వేషమే అమ్మా. ఈసారి కోరలు భాయ్ అంకుల్ వాళ్ళకి పెట్టమంటున్నారు. నేను స్టేజ్ ఎక్కను."

నేను ఆ స్క్రిప్ట్ చదివి వినిపించమన్నాను. దాని మాటలు రాసుకుంది, భాయ్ పలకాల్సినవి రాసుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికక్కడ "ఇక్కడ అమ్మ ఏదో అంటుంది" అని రాసి వదిలేసింది. అధ్యక్షుడు ఆ ముక్క మీద ఒక్క గీతా గియ్యలేదు. గియ్యడానికి అక్కడేమీ లేదు మరి.

హాస్యం చెప్పే వంతకు ఏనాడూ రాత ఉండదు. ఏ ఊళ్ళో ఏం అడగాలో అప్పటికప్పుడు పుట్టాలి. దానికో కట్టుబాటు కూడా ఉంది: వంత అడిగాడంటే కథకుడు జవాబు చెప్పి తీరాలి. దాటేస్తే కథకు అవమానం. మా నాన్న రోజుల్లో ఊరి పెద్ద ముందే పిలిచి "మా భూముల జోలికి రాకు" అనేవాడు. నాన్న వినయంగా తల ఊపి వచ్చేవాడు. తీరా కథ మధ్యలో నేను అడిగేదాన్ని: "ఇంతకీ ఈ రాజుగారి ఊళ్ళో కూడా చెరువు కింద పొలమంతా ఆయనదేనా నాన్నా?" పాపం ఆయనేం చేస్తాడు, చిన్నపిల్ల అడిగితే జవాబు చెప్పాలిగా.

"నువ్వు ఆయన కొట్టేసిన మాటలేవీ నీ అంతట నువ్వు చెప్పకు" అన్నాను మా పిల్లతో. "నేను అడుగుతా."

"అడిగితే మాత్రం మొత్తం చెప్పుతా" అంది.

దొంగచాటు పని నాకు నచ్చదు. అధ్యక్షుడికి ఫోన్ చేశాను. "సార్, మీరు కొట్టేసినవి మా అమ్మాయి తనంతట తను చెప్పదు. కానీ నేను అడుగుతాను, అడిగితే అది చెబుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత అనకండి."

ఆయన పగలబడి నవ్వాడు. "అమ్మా, మీ కామెడీ ఉంటేనే మన ప్రోగ్రామ్‌కి కళ."

జన్మలో నిజం చెప్పి అంత నవ్వించింది లేదు నేను.

ఉగాది కార్యక్రమం ఒక స్కూలు ఆడిటోరియంలో, మధ్యాహ్నం పూట. ఎర్ర అంగీ, తలపాగా, తాళానికి వేళ్ళకు అందెలు తొడుక్కుని మా పిల్ల మధ్యలో నిలబడింది. "చెప్పుతున్నాను వినండి" అని మొదలుపెట్టగానే దాని యాసకు ముందు వరసలో కిసుక్కుమన్నారు. దాని భుజం కుంచించుకోవడం నాకు కనపడింది. గుమ్మెట మీద ఒకటి వేశాను.

"నవ్వండి బాబూ, నవ్వండి. మీరు ఆఫీస్‌లో ఇంగ్లీషు మాట్లాడితే ఆ తెల్లోళ్ళు మొహమాటానికి ఆపుకుంటారు. మనకా మొహమాటం లేదు."

హాలంతా గొల్లుమంది, ముందు వరసతో సహా. ఇక జనం మా వాళ్ళైపోయారు. ఓడలు వచ్చాయి, చౌడు గుట్టలు లేచాయి, మట్టలు ఆడాయి. అధ్యక్షుడు పక్కన తెర దగ్గర నిలబడి సంతోషంగా ఫోనులో వీడియో తీసుకుంటున్నాడు.

"ఆగాగు" అన్నాను. "ఈ జంజీలు పొద్దుగూకాక ఏం చేసేవాళ్ళు?"

"నమాజు చేసేవాళ్ళు."

"మరి వాళ్ళ యజమానులో?"

"వాళ్ళు కూడా నమాజే."

"మొక్కేది ఒకణ్ణే, చౌడెత్తేది మాత్రం ఒకళ్ళేనా?"

రిహార్సల్‌లో ఇక్కడ డప్పు లేదు. భాయ్ కొట్టాడు. తల ఎత్తి, హాలు చివరి దాకా చూస్తూ కొట్టాడు. అధ్యక్షుడు ఫోను కిందకు దించాడు.

కాలువల మధ్య జంజీలు ఊరు కట్టుకున్నారు. బస్రాను పట్టుకున్నారు. అక్కడ ఎంతమంది ఏ తప్పూ చెయ్యకుండా చచ్చిపోయారో కూడా మా పిల్ల దాచకుండా చెప్పింది. నేను అడగాల్సింది అడిగాను.

"అయితే గెలిచారు. ఇక బానిస అన్నవాడే లేడు, అంతేగా?"

ఈ ప్రశ్న దగ్గర అది ఇంట్లో కూడా ఎప్పుడూ ఆగేది. ఆ జంజీలంటే దానికి ప్రాణం. వాళ్ళ మీద ఈ మాట చెప్పడం దానికి ఇష్టం లేదు. కానీ కొట్టేయడం అంతకన్నా ఇష్టం లేదు.

"లేదమ్మా" అంది. "వాళ్ళు పట్టుకున్నవాళ్ళని వాళ్ళు కూడా బానిసలుగా ఉంచుకున్నారు. అది నాకు నచ్చలేదు. కానీ అలానే జరిగింది."

ఆ మాట ముగియగానే మైకు చచ్చిపోయింది. మా పిల్ల పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రెండో వరస దాటడం లేదు. అధ్యక్షుడు ఇంకో మైకు పట్టుకుని వచ్చి టైమ్ అయిపోయిందనీ, అద్భుతంగా చేశారనీ, చప్పట్లు కొట్టమనీ అన్నాడు. వెనకనుంచి ఫ్యూజన్ డాన్స్ పాట మొదలైంది.

మా పిల్ల కదలలేదు. "కథ అవ్వలేదు" అంది నాతో.

"అవ్వలేదు గనకే, పద."

నా గొంతు మైకుల్లేని ఊళ్ళలో పెరిగింది. పాటను మించి ఒక్క కేక వేశాను: "కథ బయటికి పోతోంది. కావలసినవాళ్ళు వెనకాలే రండి." భాయ్ డప్పు ఎత్తుకున్నాడు. మెట్లు దిగి, కుర్చీల మధ్య దారిలోంచి, వాయించుకుంటూ తలుపు దాటి పార్కింగ్ లాట్‌లోకి నడిచాం. అప్పటికి మా వెనక ఎవరైనా వస్తున్నారో లేదో నాకు తెలియదు. తిరిగి చూస్తే భయమేస్తుందని చూడలేదు.

ముందు వచ్చినవాళ్ళు మాస్టర్స్ చదవడానికొచ్చిన స్టూడెంట్లు, పులిహోర ప్లేట్లతో సహా. తర్వాత ఇద్దరు ముగ్గురు తల్లులు, వాళ్ళ చెయ్యి పట్టుకున్న పిల్లలు. తర్వాత ముందు వరసలో నవ్వినవాళ్ళలో ఒకాయన. లైటు స్తంభం కింద పసుపు రంగు వేసిన సిమెంటు దిమ్మ ఉంటే మా పిల్ల దాని మీదికి ఎక్కింది.

మిగిలింది చెప్పింది. ఖలీఫా సైన్యం పడవలేసుకుని కాలువ కాలువా మూసుకుంటూ వచ్చింది. లొంగిపోయినవాళ్ళకు మంచి బట్టలు కట్టబెట్టి, లొంగనివాళ్ళకు కనపడేలా ఊరేగించారు. ఊరు కూలిపోయింది. నాయకుడి తల బాగ్దాద్‌కు మోసుకెళ్ళారు. చెప్పి ఆగింది.

అధ్యక్షుడు అప్పటికి బయటికి వచ్చి జనం వెనక నిలబడి ఉన్నాడు. నేనొక ప్రశ్న వేశాను. ఇది రిహార్సల్‌లోది కాదు, నాకు నిజంగానే తెలియక అడిగింది.

"పండగ పూట, ఓడిపోయినవాళ్ళ కథ ఎందుకే చెప్పడం?"

వంత అడిగింది. కథకురాలు జవాబు చెప్పి తీరాలి. అది తలపాగా పైకి తోసుకుని ఆలోచించింది.

"పద్నాలుగు సంవత్సరాలు అమ్మా" అంది. "అన్ని సంవత్సరాలు వాళ్ళు ఎవరి చౌడూ ఎత్తలేదు."

పులిహోర ప్లేటు పట్టుకున్న ఒక స్టూడెంటు కుర్రాడు తినడం మానేసి నేలకేసి చూస్తున్నాడు.

అధ్యక్షుడు దగ్గరికొచ్చాడు. "ఇట్ల చేస్తే నెక్స్ట్ ఇయర్ మీకు స్లాట్ ఇచ్చుడు కష్టం అమ్మా."

"ఇవ్వకండి సార్. ఈ పార్కింగ్ లాట్ సంఘానిది కాదు గదా."

ఆయన ఈసారి నవ్వలేదు. నేను చెప్పేది నిజమని ఆయనకు మొదటిసారి తెలిసినట్టుంది. లోపలికీ వెళ్ళలేదు, కార్ల పక్కన అలాగే నిలబడ్డాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దావిడ, వెనకాల ఇంకొంతమంది ఆడవాళ్ళు వచ్చారు. "మేం భోజనాల లైన్లో ఉండిపోయామమ్మా, ఏదో ఓడల కథంటున్నారు. మాకు ముందునించీ చెబుతావా?"

మా పిల్ల నన్ను అడగలేదు, ఆయన వైపూ చూడలేదు. "చెప్పుతాను, ఇటు నీడలోకి రండి" అని సొరబుర్రను రెండో భుజానికి మార్చుకుంది. భాయ్ డప్పు తట్టి చూసి, తోలు వదులైందని తల అడ్డంగా ఊపాడు. ఎండకు వేడెక్కిన ఒక కారు బానెట్ మీద దాన్ని ఆనించి, బిగిసేదాకా ఆగమన్నాడు. ఆగాం.